నాలుగో గాదెలో పేలాలు

హస్త కార్తె, మొదటి రోజు

ఈ రోజు నుంచి దినచర్య రాస్తున్నాను. రాయమని ఎవరూ అడగలేదు. నీళ్ళ మీద తేలే ఈ నలభై పంట్ల ఊళ్ళో నన్ను ఎవరైనా ఏదైనా అడిగి ఏడాది కావస్తోంది. అయినా ఎందుకు రాస్తున్నానంటే, నా శిష్యురాలు సువార్త చేసిన యంత్రం ఏదో ఒక రోజు తప్పు చేస్తుంది. ఆ రోజున తేదీతో సహా సాక్ష్యం ఉండాలి.

నా పేరు దొండపాటి విస్సన్న. డెబ్బై ఎనిమిదేళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ ఊరి విత్తనాల గాదెలు విన్నాను. చూడ్డం కాదు, వినడమే. గాదె పక్కన వేలు పట్టేంత కన్నం ఉంటుంది. అందులోంచి నాలుగు మూరల ఇత్తడి ఊచ మినుముల్లోకి దింపి, ఇవతలి కొస ముందు పళ్ళ మధ్య బిగించి, రెండు చెవులూ మూసుకోవాలి. పుచ్చు పురుగు పిల్ల గింజ లోపలే పుట్టి, లోపలే తిని పెరుగుతుంది. బయటికి గింజ నున్నగా, పెళ్ళికూతురిలా ఉంటుంది. లోపల కొరుకుడు మాత్రం ఊచ ఎక్కి, పళ్ళెక్కి, పుర్రెలోకి వస్తుంది.

నేను వినే రోజున ఊరంతా మౌన గంట పాటించేది. మరలు ఆపేవాళ్ళు. కోళ్ళ గూళ్ళ మీద గోనెలు కప్పేవాళ్ళు. చంటిపిల్లల్ని చివరి పంటుకి పట్టుకుపోయేవాళ్ళు. మా ఊరి పెద్ద పేర్రాజు లాంటి వాగుడుకాయ కూడా గంటసేపు నోరు మూసుకుని నా వైపు చూస్తూ కూర్చునేవాడు. నా జీవితంలో నాకు దక్కిన గొప్ప సుఖం అదే.

ఇప్పుడు ఆ పని యంత్రం చేస్తోంది. పది గాదెలకీ పది సన్నటి తీగలు, గోడ మీద పది దీపాలు. పచ్చ వెలిగితే శుభ్రం, ఎర్ర వెలిగితే పురుగు. మౌన గంట అక్కర్లేదట. వాన మోతా మాటల మోతా అది వేరు చేసి పారేస్తుందట. నాకు 'గౌరవ సలహాదారు' అని పేరు పెట్టి ఒక కుర్చీ ఇచ్చారు. దానికి ఒక కాలు పొట్టి.

ఈ రోజు దీపాలు: పదికి పది పచ్చ.

హస్త, నాలుగో రోజు

పొద్దున్న మా పంటు అడుగున చేరిన నీళ్ళు తోడే వంతు నాది. పూర్వం మనుషులు రేవు దాటడానికి పది నిమిషాలు ఎక్కి దిగిపోయే పంట్ల మీద మేం పుట్టి, పెళ్ళిళ్ళు చేసుకుని, చస్తున్నాం. డెబ్బై బాల్చీలు తోడాను. పక్క పంటు కుర్రకారు నలభైకే ఆపేస్తారు, మిగతా ముప్పై నా వైపుకి కారతాయి. ఇదీ రాసిపెడుతున్నాను.

మధ్యాహ్నం పుస్తకం తీశాను. నా ఇనప్పెట్టెలో నూట పన్నెండు పుస్తకాలున్నాయి. నూట ఇరవై ఉండేవి. ఎనిమిది ఎవరెవరి దగ్గరున్నాయో నాకు తెలుసు. ఇరవయ్యో పేజీలో ఒక అక్షరం కదిలింది. అద్దాలు తుడుచుకుని చూశాను. ఆవగింజంత పురుగు, గోధుమ రంగు, వీపు మీద తెల్లటి మచ్చలు. పుచ్చు పురుగు!

నా ఒంట్లో ఇంత ఉత్సాహం ఉందని నాకే తెలీదు. పురుగుని గుప్పిట్లో పట్టుకుని ఆరు పంట్లు దాటి పేర్రాజు దగ్గరికి వెళ్ళాను. వాడూ నేనూ ఒకే ఏడు పుట్టాం. వాడు ఊరికి పెద్ద అయ్యాడు, నేను కాలేదు. అంతకంటే తేడా లేదు.

"ఒరేయ్ పేర్రాజూ, ఇదేంటో చెప్పు."

"పురుగు."

"ఏ పురుగు?"

"నీకు కావలసిన పురుగే అయ్యుంటుంది. లేకపోతే ఈ వయసులో ఇలా నవ్వుతూ పరిగెత్తుకు రావు."

సువార్తని పిలిపించాడు. ఈ అమ్మాయి నా దగ్గరే ఏడేళ్ళు పని నేర్చుకుంది. ఊచ పట్టుకోవడం నేనే నేర్పాను. ఆ నేర్చుకున్నది పెట్టి యంత్రం చేసి నా మీదికే తెచ్చింది. చేతులకి గ్రీజు తుడుచుకుంటూ వచ్చి పురుగుని చూసింది.

"పుచ్చు పురుగే మాస్టారూ. కానీ గాదెలన్నీ పచ్చగానే ఉన్నాయండి. మొన్న మెట్ట నుంచి వచ్చిన సరుకుల పడవలో వచ్చుంటుంది."

"నీ దీపం పచ్చగా ఉంటే పురుగు సిగ్గుపడి వెళ్ళిపోతుందామ్మా?"

"అలా కాదండి..."

"ఒక్క పురుగు పట్టుకుని గాదెలు విప్పమంటావేంట్రా?" అన్నాడు పేర్రాజు. "ఈ తడిగాలిలో విప్పితే బూజు పట్టి పదీ పోతాయి. నువ్వు నేర్పిన సంగతే."

నేను నేర్పిన సంగతులన్నీ నా మీదే వాడతారు.

హస్త, పదకొండో రోజు

సీసాలో పదకొండు పురుగులు. వారం రోజులుగా విత్తనాల పంటు చుట్టూ తిరిగి ఒక్కొక్కటే పట్టాను. మూతకి కన్నాలు పెట్టాను, సాక్షులు బతికుండాలి కదా. పురుగుల్ని చూసి ఇంత సంతోషించిన మనిషి ఈ ప్రపంచంలో ఇంకెవరూ ఉండరు.

సీసా తీసుకెళ్ళి సువార్త బల్ల మీద పెట్టాను. వాదిస్తుందనుకున్నాను. సీసా వంక చాలాసేపు చూసి మెల్లగా కూర్చుంది.

"ఇవి సరుకుల పడవ పురుగులు కావు మాస్టారూ."

"నేనూ అదే చెబుతున్నాను."

"మరి యంత్రానికి ఎందుకు వినపడలేదు?"

"అది నన్నడుగుతావేం?"

వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. విశాఖ కార్తెలో వరద తీసి ఒండ్రు బయటపడుతుంది. ఆ తడి మూడు వారాలే ఉంటుంది, అందులో మినుములు తప్ప మరేదీ పండదు, ఏడాది పొడుగునా మా తిండి అదే. పురుగు పట్టిన గాదెని గాలి చొరని సంచుల్లోకి మార్చి పదిహేను రోజులు కట్టిపడేస్తే లోపల పురుగు ఊపిరాడక చస్తుంది, విత్తనం బతుకుతుంది. అంటే స్వాతి మొదట్లో సంచులు కట్టాలి. ఉన్న సంచులు ఒక్క గాదెకే సరిపోతాయి. కట్టకపోతే ఆ ఒక్క గాదె పురుగులూ బయటికొచ్చి నెల తిరక్కుండా పదికి పదీ తినేస్తాయి.

ఒకసారి అలాగే అయింది. అప్పుడు మా ఊరి పేరు నలభై తొమ్మిది పంట్లు. తిండి లేక పంట్లు విడదీసుకుని మెట్టకి కూలికి పోయారు. తొమ్మిది తిరిగి రాలేదు.

"మాస్టారూ," అంది సువార్త, "మీరు ఊచతో వినండి. ఏ గాదో మీరు చెప్పండి. మీ మాట మీదే సంచులు కడతాను."

ఈ మాట కోసమే ఏడాదిగా ఎదురుచూస్తున్నాను. ఎన్ని రకాలుగా జవాబు చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. తీరా వినేసరికి, "నడుం నొప్పిగా ఉంది, తర్వాత చూద్దాం" అని వచ్చేశాను.

చిత్త కార్తె, మొదటి రోజు

రాయక తప్పదు.

ఈ మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక ఊచ తీసుకుని గాదెల దగ్గరికి వెళ్ళాను. మొదటి గాదె. రెండోది. మూడోది. అన్నిట్లోనూ ఒకటే వినపడింది. నా కట్టుడు పళ్ళు ఊచకి తగిలి టకటకమనడం.

పోయినేడు హస్త కార్తెలో నా పై వరసలో మిగిలిన నాలుగు ముందు పళ్ళూ ఊడిపోయాయి. వైద్యుల పంటులో ఎవరికీ తెలీకుండా కట్టించుకున్నాను. కట్టుడు పళ్ళు చిగుళ్ళ మీద మెత్తగా కూర్చుంటాయి. పురుగు పలుకు అక్కడే ఆగిపోతుంది, ఎముకదాకా రాదు. నెల తర్వాత మౌన గంట వచ్చింది. ఊరంతా నా వైపు చూస్తోంది. ఊచ కొరికాను. ఏమీ వినపడలేదు. ఏమీ వినపడకపోతే ఏమనాలి? "శుభ్రం" అన్నాను. పది గాదెలకీ అదే మాట.

ఆ రోజే సువార్త కొత్త యంత్రం పక్కన పెట్టుకుని అడిగింది: "మాస్టారూ, దీనికి ముందు నిశ్శబ్దం ఎలా ఉంటుందో నేర్పాలండి. బాగా శుభ్రంగా ఉన్న నిండు గాదె ఏది?" ఏడో గాదె చూపించాను. ఎందుకంటే దాని పక్కన కూర్చోవడానికి చోటుంది.

ఏడో గాదె మినుములు విత్తనానికి మిగిలిపోయి, ఆ వారంలోనే వంటకి వెళ్ళాయి. వాటి గారెలు పుచ్చు కంపు కొట్టాయి. వంట పంటు మా అక్కది. నలుగురి ముందూ, పప్పు సరిగా ఏరలేదని ఆవిడనే తిట్టాను. తిట్టడం అంటే, ఆవిడకి చెవులు వినపడవు కాబట్టి పలక మీద పెద్ద అక్షరాలతో రాసి అందరికీ చూపించాను.

అంటే ఆ రోజు ఏడో గాదె నిండా పురుగుంది. పురుగు కొరికే చప్పుడునే నిశ్శబ్దం అని యంత్రం నేర్చుకుంది. ఏడాదిగా ఆ చప్పుడు ఎక్కడ వినపడ్డా, ఇది మామూలే అని తీసి పారేస్తోంది. దానికి ఆ పాఠం చెప్పింది నేను.

ఈ పుస్తకం ఎవరి తప్పు రాయడానికి మొదలుపెట్టానో ఒకసారి వెనక్కి తిప్పి చదువుకున్నాను. మొదటి పేజీ చింపేద్దామనుకున్నాను. చింపలేదు.

చిత్త, మూడో రోజు

పేర్రాజునీ సువార్తనీ కూర్చోబెట్టి చెప్పాను. నోట్లోంచి పళ్ళు తీసి బల్ల మీద పెట్టి మరీ చెప్పాను. పళ్ళు లేకుండా గంభీరంగా మాట్లాడటం కష్టమని అప్పుడు తెలిసింది.

సువార్త పళ్ళ వంక చూసింది, నా వంక చూసింది. కోపం వస్తుందనుకున్నాను. వచ్చింది.

"ఒక్క మాట అంటే ఏం పోయేదండి మాస్టారూ! నాకు పళ్ళు లేవా? నేను వినేదాన్ని కదా!"

"అన్నాను కదమ్మా ఇప్పుడు."

"ఇప్పుడా!"

పేర్రాజు మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. గెడ్డం గోక్కుంటూ, "నాకు అప్పుడే తెలుసురా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నువ్వు ఊచ కొరికితే టకటకమంది. మౌన గంట కదా, బాగా వినపడింది. వెళ్ళి వైద్యులమ్మని అడిగాను. ఊరి ముందు నువ్వు చిన్నబుచ్చుకుంటావని ఎవరికీ చెప్పలేదు. యంత్రం త్వరగా పూర్తి చెయ్యమని ఈ అమ్మాయిని తొందరపెట్టాను. నీకు పని తప్పుతుందనీ, పరువు దక్కుతుందనీ."

"కుర్చీ కూడా అందుకేనా?"

"కుర్చీ కూడా."

"దాని కాలు పొట్టిరా."

"నీకు తిట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా."

అరవై ఏళ్ళుగా వీణ్ణి తిడుతున్నాను. వాడు నా మీద జాలిపడిన పాపానికి ఊరి విత్తనాల మీదికి వచ్చింది. నేను పరువు కోసం అబద్ధమాడాను, వాడు నా పరువు కోసం నోరు మూసుకున్నాడు. ఇద్దరం కలిసి యంత్రాన్ని చెడగొట్టాం. దాన్ని ఇంక తిట్టడం లేదు.

"నిశ్శబ్దం మళ్ళీ నేర్పలేవా?" అని అడిగాను సువార్తని.

"నేర్పగలను. ఖాళీ గాదె పనికిరాదు, నిండు గాదె కావాలి. అందులో పురుగు లేదని ఎవరో ఒకరు చెప్పాలి. యంత్రానికి దీపాలున్నాయి గానీ నోరు లేదు, లోపల ఏం వింటోందో మనకి వినిపించదు."

ఊచ తీసి ఆ అమ్మాయి చేతికిచ్చాను.

చిత్త, పదో రోజు

వారం రోజులుగా వాన. రేకుల కప్పు మీద ఎవరో కంకర కుమ్మరిస్తున్నట్టు మోత. మౌన గంటకి మనుషులు నోరు మూసుకుంటారు, మేఘం మూసుకోదు. వాన రోజున నేనూ ఎప్పుడూ వినలేకపోయేవాణ్ణి. అప్పట్లో తెరిపి ఇచ్చిందాకా ఆగేవాళ్ళం. ఇప్పుడు ఆగడానికి రోజుల్లేవు.

సువార్త రోజూ ఊచ కొరికి, చెవులు మూసుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. "వానే మాస్టారూ. చెవులు ఎంత మూసినా వానే."

ఈ మధ్యాహ్నం మా అక్క వెంకాయమ్మ ఇద్దరికీ కారియర్ పట్టుకొచ్చింది. ఎనభై రెండేళ్ళు. ఇరవై ఏళ్ళ కిందట వరద నీళ్ళు చెవుల్లోకి పోయి చీము పట్టి వినికిడి పోయింది. తనకి వినపడదు కాబట్టి ఎవరికీ వినపడదనుకుని గట్టిగా అరుస్తుంది. వానలో కూడా ఆవిడ గొంతు స్పష్టంగా వినిపించింది.

"ఏంట్రా, ఆ పిల్ల చేత ఇత్తడి తినిపిస్తున్నావు! అన్నం లేదనుకున్నావా!"

పలక తీసి రాశాను: 'పళ్ళతో పురుగుల్ని వింటోంది. నా పళ్ళు పోయాయి.'

చదివి పకపకా నవ్వింది. "ఎప్పుడో పోయాయిగా! జంతిక పెడితే నానబెట్టుకు తింటున్నావు, నేను చూడలేదనుకున్నావా? నా పళ్ళు చూడు, ముప్పై రెండు! చెరుకు విరుస్తాను ఇంకా!" అని, మాకు చూపించడానికి గాదెలో దింపి ఉన్న ఊచ కొస సువార్త చేతిలోంచి లాక్కుని చెరుకుగడలా కొరికింది.

కొరికి అలాగే ఉండిపోయింది.

నేను ఊచ విరిగిందేమో అనుకున్నాను. లేదా పన్ను. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. ఊచ వదలకుండానే పళ్ళ సందుల్లోంచి అడిగింది: "లోపల ఎవర్రా? పేలాలు వేపుతున్నారు?"

ఆవిడకి పాడైంది చెవి బయటి దారి. ఎముక దారి చెక్కు చెదరలేదు. రేకుల మీద వాన గాలిలోంచి ఆవిడ దగ్గరికి రానే రాదు. ఈ ఊళ్ళో మౌన గంట అక్కర్లేని మనిషి ఆవిడొక్కతే. నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఊరందరి నోరు మూయించి సంపాదించిన నిశ్శబ్దం, మా అక్క రూపంలో నా పక్కనే కూర్చుని ఇరవై ఏళ్ళుగా మినప్పప్పు రుబ్బుతోంది.

అది నాలుగో గాదె.

"మళ్ళీ పెట్టు!" అంది. సువార్త ఊచ ఒక్కో గాదెలోకీ దింపుతుంటే ఆవిడ కొరుకుతూ, అరుస్తూ చెప్పింది. ఒకటి: "ఏమీ లేదు." రెండు: "ఏమీ లేదు." మళ్ళీ నాలుగు: "ఓరి నాయనో, పెళ్ళి భోజనాలు!" ఐదు నుంచి పది దాకా ఏమీ లేదు. మూడోదానికి అనుమానపడి మూడుసార్లు కొరికింది. "లేదు, నా కడుపులో చప్పుడు. అన్నం తిని వస్తాను" అని వెళ్ళిపోయింది.

సువార్త నేల మీద కూలబడి నవ్వుతోంది, ఏడుస్తోంది. నేను కారియర్ విప్పాను. నాలుగో గిన్నెలో జంతికలు. నీళ్ళలో నానబెట్టి, మెత్తగా.

స్వాతి కార్తె, మొదటి రోజు

నాలుగో గాదె విప్పాం. గుడారం గుడ్డ కప్పుకుని ఊరంతా వరసగా నిలబడి మినుములు సంచుల్లోకి మార్చారు. మూతులు మైనంతో మూశాం. పేర్రాజు సంచి మోస్తానని పట్టుబట్టి, ఒకటి మోసి, దాని మీదే కూర్చుని మిగతావాళ్ళకి ఎలా మొయ్యాలో చెప్పాడు. గింజలకి అక్కడక్కడ కన్నాలు పడ్డాయి, ఇరవైకి ఒకటి. ఇంకో పక్షం ఆలస్యమైతే పిండే మిగిలేది.

స్వాతి, ఆరో రోజు

వాన తెరిపి ఇచ్చింది. ఏడాది తర్వాత మౌన గంట పెట్టారు. మరలు ఆగాయి, కోళ్ళ మీద గోనెలు పడ్డాయి. అక్క ఒకటో గాదెలోకి దింపిన ఊచని మరొక్కసారి కొరికి తల అడ్డంగా ఊపింది. పురుగు లేదని. సువార్త యంత్రానికి నిశ్శబ్దం మళ్ళీ నేర్పింది. నేను కాలు పొట్టి కుర్చీలో కదలకుండా కూర్చున్నాను, కదిలితే చప్పుడవుతుంది. పేర్రాజు నా వైపు చూశాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఇద్దరం నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాం.

గంట అయ్యాక తీగ తెచ్చి సంచికి ఆనించారు. దీపం ఎర్రగా వెలిగింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఎర్ర దీపానికి చప్పట్లు కొట్టిన ఊరు మాదే అయ్యుంటుంది.

విశాఖ కార్తె, మూడో రోజు

పదిహేను రోజులూ అక్క రోజుకోసారి వచ్చి ఊచ సంచికి ఆనించి వింది. "నిన్నటి మీద తగ్గారు." "ఇద్దరో ముగ్గురో ఉన్నారు." ఈ రోజు చాలాసేపు కొరికి, "ఎవరూ లేరు" అంది. సువార్త దీపం చూసింది. పచ్చ. మొన్న ఒక్క సంచి విప్పి తడిగుడ్డలో మూట కట్టిన నూరు గింజల్లో తొంభై ఒకటి మొలకెత్తాయి. రేపు ఒండ్రులో చల్లుతారు. పంట్లు నలభై, నలభైగానే ఉంటాయి.

అందరూ కేకలు వేసుకుంటూ పారలు సర్దుకోవడానికి వెళ్ళారు. అక్క ఊచ ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుంది. ఏమైందని పలక మీద రాశాను.

"ఏం లేదురా. ఇరవై ఏళ్ళకి ఒక చప్పుడు వినపడింది. అదీ పోయింది."

నేను చాలా పుస్తకాలు చదివాను. ఈ చిన్న సంగతి తట్టడానికి నాకు ఇరవై రోజులు పట్టింది. ఊచ ఒక కొస ఆవిడ నోటికి అందించాను. ఏమీ అర్థం కాకపోయినా కొరికింది. రెండో కొస నా గొంతుకి అదిమి పెట్టుకుని మాట్లాడాను.

"అక్కా, ఆ గారెల తప్పు నాది. ఏడో గాదెలో పురుగుంది. నాకు వినపడక శుభ్రం అన్నాను. నిన్ను తిట్టాను."

ఆవిడ కళ్ళు మూసుకుంది. ఊచ వదల్లేదు. కాసేపటికి ఒక చెయ్యెత్తి నా నెత్తి మీద మొట్టింది.

"ఇరవై ఏళ్ళయింది కదరా నీ గొంతు విని," అంది, పళ్ళ సందుల్లోంచే, మొదటిసారి అరవకుండా. "ఇంత ముసలిదైపోయిందేం? ఆగిపోయావేం, ఇంకా మాట్లాడు."

ఈ పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చదివి వినిపించాను. యంత్రాన్ని తిట్టిన చోట నవ్వింది, పేర్రాజుని తిట్టిన చోట ఇంకా నవ్వింది, బాల్చీల దగ్గర "ఆ కుర్రాళ్ళ సంగతి నే చూస్తాను" అంది. పళ్ళ గురించి రాసిన పేజీ దాటెయ్యబోతే ఊచ మీద గోటితో తట్టింది. అదీ చదివాను.

అంతా అయ్యాక ఊచ తీసి, కొంగుతో తుడిచి, లేచి, మళ్ళీ ఊరంతటికీ వినపడేలా అరిచింది:

"సాయంత్రం గారెలు! నీకు మాత్రం పెరుగులో నానబెట్టి!"

ఈ రోజు దీపాలు: అన్నీ పచ్చ. అక్కని అడిగి సరి చూశాను.